ప్రమాణం చేయకమ్మా, మాట్లాడు

ప్రశ్న: మాది కడప. నా వయసు 22. బీటెక్ అయ్యాక చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటే షియాన్‌లోని ఒక యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. సెప్టెంబరులో వెళ్లాలి. మొదట నాన్న చాలా సంతోషించారు, వీధిలో అందరికీ మిఠాయి పంచారు. తర్వాత బంధువులు ఒక్కొక్కరే వచ్చి ‘అక్కడ పందిమాంసం తప్ప ఏమీ దొరకదు, నమాజు చేసుకోనివ్వరు, పిల్ల మన చేయి దాటిపోతుంది’ అన్నారు. ఇప్పుడు నాన్న, ఒక్క పూట నమాజు కూడా వదలనని ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెబితేనే పంపుతానంటున్నారు. అమ్మ రోజూ ఏడుస్తోంది. నిజానికి నాకూ భయంగానే ఉంది. ఆ మాట బయటికి అంటే వెంటనే మాన్పిస్తారు. ఏం చేయను?

జవాబు: ముందు ప్రమాణం సంగతి. అది చేయవద్దమ్మా.

నువ్వు మనస్ఫూర్తిగానే చేస్తావు, నాకు తెలుసు. కానీ డిసెంబరులో షియాన్‌లో సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. ల్యాబ్ అప్పటిదాకా సాగిన రోజున, పొద్దు గుంకేలోపు చేయాల్సిన అసర్ నమాజు తప్పిపోతుంది. అలాంటి రోజు ఒకటి వచ్చి తీరుతుంది. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి ‘నమాజులన్నీ అయ్యాయా బేటా’ అంటే ఏం చెబుతావు? ప్రమాణం చేసిన పిల్ల ‘అయ్యాయి’ అంటుంది. అక్కడ మొదటి అబద్ధం పడుతుంది. తర్వాత జ్వరం వచ్చినా, పరీక్ష పోయినా, దిగులేసి ఏడ్చినా ఇంటికి చెప్పడం తగ్గిపోతుంది. తప్పిన రోజు కూడా ‘ఇవాళ తప్పింది నాన్నా, కజా చేసుకున్నాను (తప్పినదాన్ని తర్వాత చేసుకున్నాను)’ అని చెప్పగలిగే పిల్లను నాన్న పోగొట్టుకోరు. ఆయనకు కావలసింది అదే. భయంలో ఆయన వేరే దాన్ని అడుగుతున్నారు.

ప్రమాణం తప్పితే కఫ్ఫారా, అంటే ప్రాయశ్చిత్తం, ఉంటుందని, పదిమంది పేదలకు అన్నం పెట్టాలని, శక్తి లేకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండాలని నాన్నకు నాకంటే బాగా తెలుసు. అంత బరువైన మాటను పిల్ల చేత బలవంతంగా అనిపించాలా అని ఆయన గౌరవించే ఇమాం సాబ్‌ను ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి.

ఇక బంధువుల మాటలు. తిండి విషయంలో వాళ్లు చెప్పింది తప్పు. చైనాలో హ్వే అనే జాతి ముస్లింలు కోటికి పైగా ఉన్నారు. షియాన్ నడిబొడ్డున, డ్రమ్ టవర్ వెనక వాళ్ల పేటే ఉంది. ఆ పేటలోని పెద్ద మసీదుకు గుమ్మటం ఉండదు. పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, చెట్ల మధ్య ముంగిళ్లు. ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువగా మింగ్ రాజుల కాలం నుంచి వచ్చినవి. ఆ వీధుల్లో గట్టి రొట్టెను నీ చేతే చిన్న చిన్న ముక్కలుగా తుంచించి, వాటి మీద వేడి మటన్ పులుసు పోసి ఇస్తారు. పాయాలో రొట్టె నంజుకుని పెరిగిన పిల్లకు అది పరాయి తిండిలా ఉండదు. ఈ సంగతి అమ్మకు తప్పకుండా చెప్పు.

అయితే జాగ్రత్త లేకుండా కుదరదు. హలాల్‌ను అక్కడ ‘ఛింగ్‌జెన్’ అంటారు. చాలా యూనివర్సిటీల్లో ఛింగ్‌జెన్ క్యాంటీనో, కనీసం ఒక కౌంటరో ఉంటుంది. హోటల్ బోర్డు మీద అరబిక్ అక్షరాల కోసం వెతకకు, ఈ మధ్య ఏళ్లలో చాలా నగరాల్లో వాటిని తీసేయించారు. ఛింగ్‌జెన్ అని రాసే రెండు చైనా అక్షరాలను ఇప్పుడే కళ్లకు అలవాటు చేసుకో. మెనూలో ఏ జంతువుదో చెప్పకుండా ఊరికే ‘మాంసం’ అని ఉంటే, మామూలుగా అది పందిమాంసమే. కూరగాయల వంటలో కూడా పంది కొవ్వు, వంటకు వాడే సారా పడవచ్చు. కాబట్టి తెలియని హోటల్లో ‘వెజ్జే కదా’ అని తినేయకు. అమ్మ ప్రేమగా మటన్ పచ్చడి కడతానంటే వద్దను, చైనా కస్టమ్స్‌లో మాంసంతో చేసినవి రానివ్వరు. కారప్పొడి కట్టమను.

నమాజు విషయంలో మాత్రం బంధువులు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. అది నాన్న దగ్గర దాచవద్దు. విదేశీయులు ప్రభుత్వ గుర్తింపు ఉన్న మసీదుకు వెళ్లవచ్చు. మత ప్రచారం చేయకూడదు, అనుమతి లేనిచోట గుంపుగా చేరి ప్రార్థనలు, పాఠాలు పెట్టకూడదు. విదేశీయుల మతపరమైన కార్యక్రమాల మీద 2025 మే 1 నుంచి వివరమైన నియమాలు అమల్లో ఉన్నాయి. చదువు, మతం కలవకూడదన్నది అక్కడి చట్టం. అందువల్ల క్యాంపస్‌లో నమాజు గది అడగవద్దు, హాస్టల్లో నలుగురిని పోగేసి తరావీ (రంజాన్ రాత్రుల నమాజు) చదవవద్దు. హాస్టల్ నియమాల కాగితం చేతికి రాగానే పూర్తిగా చదువు. నీ గదిలో ఒక్కదానివే, చప్పుడు లేకుండా చేసుకునే నమాజు ఎలా సాగుతోందో అదే యూనివర్సిటీలో చదువుతున్న ముస్లిం సీనియర్ అమ్మాయిని, వీలైతే ఇద్దరిని, అడిగి తెలుసుకో. ఏజెంటు మాట నమ్మకు. ఒక ఊరట ఏమిటంటే, మధ్యాహ్న భోజన విరామం అక్కడ ఎక్కువసేపే ఉంటుంది, మధ్యాహ్నపు నమాజు జొహర్‌కు ఇబ్బంది పడవు. ఖిబ్లా, అంటే నమాజుకు ముఖం తిప్పే దిక్కు, ఇక్కడిలాగే అక్కడా పడమరే. ఈద్‌కు మాత్రం షియాన్‌లో సెలవు ఉండదు. మొదటి ఈద్ రోజున చాలా ఏడుపొస్తుంది. ఆ రోజు హ్వే పేటకు వెళ్లు, ఒంటరిగా గదిలో ఉండకు.

నాన్న మనసులో చైనాలోని మరో ముస్లిం జాతి ఉయిగుర్ల సంగతి కూడా ఉండి ఉంటుంది, పైకి అనకపోయినా. షిన్‌జియాంగ్‌లో వాళ్లకు జరిగినవి మానవాళిపై నేరాల కిందికి రావచ్చని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2022లో నివేదిక ఇచ్చింది. చైనా దాన్ని ఒప్పుకోదు. షియాన్‌లో చదివే విదేశీ విద్యార్థి పరిస్థితి వేరు, ఆ తేడా నాన్నకు చెప్పు. కానీ ‘అదంతా పుకారు’ అని మాత్రం అనకు. ఆయన బాధ న్యాయమైనదే, నీ మనసులోనూ అది ఉండటంలో తప్పు లేదు. అక్కడి యాప్‌లలో ఆ చర్చలు పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి, చాలామంది ఆలోచించనిది: ఫోన్. చైనాలో వాట్సాప్ పనిచేయదు. అక్కడ అందరూ వాడే వీచాట్‌ను మన దేశం 2020లో నిషేధించింది. ఇది తెలియక మొదటి రెండు రోజులు నీ దగ్గర నుంచి కబురు రాకపోతే మీ అమ్మ పరిస్థితి ఊహించు! ఇక్కడి సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుని వెళితే దాని డేటా మీద వాట్సాప్ నడుస్తుంది. ఖర్చు కాస్త ఎక్కువే, అయినా మొదటి నెల దాన్ని వదలొద్దు. దిగగానే పనులు మీద పడతాయి: క్యాంపస్ బయట ఎక్కడైనా ఉంటే 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు చేయించాలి, 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు పెట్టుకోవాలి. ఆ తొందరలో ఫోన్ చేసే వేళ తప్పిపోతుంది. అందుకే వేళ ఇప్పుడే ఖాయం చేసుకోండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. నాన్న ఇషా నమాజు ముగించి ఇంటికొచ్చేది ఎనిమిదిన్నరకైతే, నీకు పదకొండు.

నీ భయం గురించి. భయపడటం తప్పు కాదు, వెళ్లకూడదని సూచన కూడా కాదు. ఇంతవరకు ఎప్పుడైనా తెల్లవారుజామున ఫజర్ నమాజుకు అమ్మ లేపకుండా లేచావా? ఒంటరిగా సెహ్రీ (తెల్లవారకముందు భోజనం) చేసుకుని రోజా (ఉపవాసం) ఉన్నావా? ఇప్పటినుంచే చేసి చూడు. నీ గదిలో నువ్వే లేచి, నీ అన్నం నువ్వే వండుకుని రెండు వారాలు గడిపితే నీకు నిజంగా దేనికి భయమో బయటపడుతుంది. వంటకా, భాషకా, ఒంటరితనానికా? ఒక్కోదానికి మందు వేరు.

రేపు సాయంత్రం నాన్న తీరిగ్గా టీ తాగే వేళ చూసి కూర్చో. పైన చెప్పినవన్నీ, మంచీ చెడూ రెండూ, ఒక కాగితం మీద నీ చేతిరాతతో రాసుకుని వెళ్లు. కానీ కాగితం తీయకముందే ‘నాకూ భయంగా ఉంది నాన్నా, అయినా వెళ్లాలని ఉంది’ అని చెప్పు. ‘అయితే వద్దులే’ అనవచ్చు. వాదించకు, లేచి రాకు. ‘ఏది జరిగినా మీకు నిజమే చెబుతాను, ఆ మాట ఇవ్వగలను’ అను. ఆయన ఏమన్నారో నాకు మళ్లీ రాయి.