కొండ మీది ఇంటికి ఏ హీటింగ్?

2,500 మీటర్ల ఎత్తు, రాత్రిళ్లు మైనస్ 15 డిగ్రీలు, మంచు పడితే కరెంటు పోవడం. ఈ మూడూ చెప్పి హీట్ పంపా, గ్యాస్ బాయిలరా, కట్టెల స్టవ్వా అని అడిగారు. మీ పరిస్థితికి నా ఓటు హీట్ పంపు, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది కాబట్టి దానికి తోడుగా కట్టెల స్టవ్వు.

హీట్ పంపు అంటే బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి పంపే యంత్రం. అది ఒక యూనిట్ కరెంటుతో, బయట 7 డిగ్రీలున్నప్పుడు మూడు నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. మైనస్ 15 దగ్గర అది రెండుకు అటూఇటూ పడిపోతుంది. అయినా మామూలు కరెంటు హీటర్ కంటే నయమే. పైగా చలి పెరిగేకొద్దీ ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది, పంపు ఇచ్చేది తగ్గుతుంది. అందుకే డబ్బా మీద రాసిన సామర్థ్యం చూసి కొనకండి. మైనస్ 15 దగ్గర ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో పట్టిక అడగండి. బయటి యూనిట్‌ను మంచు కప్పేయని ఎత్తులో స్టాండు మీద పెట్టించండి.

గ్యాస్ బాయిలర్ తప్పని చెప్పను. కానీ ఆ ఎత్తులో గాలి పలచన, బర్నర్‌ను దానికి తగ్గట్టు సర్దించాలి. కరెంటు పోతే దానిలో వేడినీళ్లు తిప్పే పంపు, ఫ్యానూ ఆగిపోతాయి.

స్టవ్వుకి తేమ 20 శాతం లోపున్న ఎండు కట్టెలే వాడండి. పచ్చివైతే చిమ్నీలో మసి పేరుకుని నిప్పంటుకోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ (మంట సరిగా మండనప్పుడు వచ్చే, వాసన లేని విషవాయువు) అలారం మాత్రం బేరమాడే విషయం కాదు.

ఇవన్నీ కొనేముందు పైకప్పుకి ఇన్సులేషన్ (వేడిని బయటికి పోనివ్వని పొర) వేయించి, కిటికీల సందులు మూయించండి. చిన్న హీట్ పంపుతోనే సరిపోవచ్చు.