రెక్కలు కత్తిరించే ముందు పట్టుకోవడం నేర్చుకోండి

చిలుక బెదరకుండా ఇంట్లోనే రెక్కల ఈకలు ఎలా కత్తిరించాలి అని అడిగారు. కత్తెర సంగతి తర్వాత. పట్టుకోవడం వస్తే ముప్పావు వంతు పని అయిపోయినట్టే. పిట్టలకు మనలా డయాఫ్రమ్ (ఊపిరి ఆడించే కండర పొర) ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఛాతీ మీద గుప్పిట బిగిస్తే, మెడ ముట్టకపోయినా ప్రాణం పోతుంది.

మా కాకటీల్‌కి (తల మీద కుచ్చు ఉండే చిన్న పెంపుడు చిలుక) మొదటిసారి డాక్టరు గారి దగ్గరే చేయించాను. ఆయన వెనకనుంచి పాత తువ్వాలు కప్పి, దవడల దగ్గర రెండు వేళ్లతో తల పట్టుకుని, ఛాతీని వదులుగా ఉంచారు. "మీరు రెక్క చాపండమ్మా, లాగకండి" అన్నారు. ట్యూబ్‌లైట్ వెలుగులో చూస్తే ఈకల కాడలన్నీ తెల్లగా ఉన్నాయి, ఒక్కదాని మొదలు మాత్రం నల్లగా ఉంది. "ఇది కొత్త ఈక, లోపల నెత్తురు పారుతోంది. దీని జోలికి పోవద్దు. దీనికి ఆసరాగా పక్కదాన్నీ వదిలేద్దాం" అన్నారు. అంచున ఉన్న పెద్ద ఈకల్లో ఐదారు, పైన కప్పి ఉండే చిన్న ఈకల కిందికి వచ్చేలా కోశారు. రెండో రెక్కకీ సమానంగా అంతే. వదలగానే గాల్లో జారుతూ వచ్చి చాప మీద వాలింది. అలాగే వాలాలి. దబ్బున పడిందంటే మరీ ఎక్కువ కోసినట్టు. పొరపాటున నెత్తురు ఈక తెగితే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి, ఆగకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

నాకు ఒళ్లు మండేది దుకాణాల వాళ్ల మీద. ఒక్క రెక్క ఈకలే మొదలంటా కోసి అమ్మేస్తారు. పక్కింటి పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్నది అలాంటిదే. ఎగరబోయినప్పుడల్లా ఒక పక్కకి తిరిగిపోయి నేలకు కొట్టుకునేది, రొమ్ము మీద చర్మం చీలింది. ఇంకా ఎగరడమే రాని చిలుక పిల్లలకైతే అస్సలు కోయకూడదు.

అసలు చాలామంది కోసేది సీలింగ్ ఫ్యాన్ భయంతో. పిట్ట బయట ఉన్నంతసేపు ఫ్యాన్ ఆపి, కిటికీలకు మెష్ కొట్టించండి, సగం ఇళ్లలో కత్తెర అవసరమే ఉండదు. మేమిప్పుడు చేస్తున్నది అదే. కోసినా ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది, గాలి వాటానికి బాల్కనీ దాటేస్తుంది కూడా.

మీది రామచిలుక అయితే మాత్రం ఈ ప్రశ్నే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడమే నేరం, అటవీ శాఖకు అప్పగించండి. రెక్కలు కోసి ఉన్నదాన్ని తీసుకెళ్లి చెట్టు మీద వదలకండి, కాకులు బతకనివ్వవు.