చంద్రుడి చాటుకెళ్ళే చుక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో, చంద్రుడు ఒక్కోసారి పెద్ద చుక్కల మీదుగా వెళ్తూ వాటిని కాసేపు కప్పేస్తాడు, దాన్నే ఆకల్టేషన్ అంటారు అని రెండు ముక్కలు రాశాం. దానికి కోనసీమ నుంచీ భీమవరం, నరసాపురం వైపు నుంచీ ఇన్ని ప్రశ్నలొచ్చాయి కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారు రోజూ పొద్దున్నే పంచాంగం చూస్తారండి. నెలకోసారి రోహిణి వస్తుంది కదా, అంటే చంద్రుడు రోహిణి దగ్గరికి వచ్చినట్టేగా. మరి ప్రతి నెలా ఆ చుక్క చంద్రుడి వెనక్కి పోవాలి కదండీ, నేను ఒక్కసారి కూడా చూడలేదే? (ఇంటర్ విద్యార్థిని, ద్రాక్షారామం)

జవాబు: పంచాంగం ఉన్న ప్రతి ఇంట్లోనూ రావాల్సిన డౌటమ్మా ఇది, నువ్వు అడిగావు, చాలా సంతోషం. చంద్రుడు ఆకాశం చుట్టూ ఒక రౌండు తిరిగి రావడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది, అందుకని మనవాళ్ళు ఆ దారిని 27 సమాన భాగాలు చేసి, ఒక్కో భాగానికి అక్కడున్న చుక్క పేరు పెట్టారు. ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. చంద్రుడి వెడల్పు చూస్తే అర డిగ్రీయే. కాబట్టి పంచాంగంలో ఈరోజు రోహిణి అని ఉంటే చంద్రుడు ఆ పేరున్న భాగంలో ఉన్నాడని అర్థం, అంతేగానీ ఆ చుక్కని తాకుతున్నాడని కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. సూర్యుడి దారికీ చంద్రుడి దారికీ మధ్య 5 డిగ్రీల పైన వాలు ఉంది. రోహిణేమో సూర్యుడి దారికి దక్షిణంగా దాదాపు ఐదున్నర డిగ్రీల దూరంలో ఉంది, అంటే చంద్రుడు ఆ చోట బాగా కిందకి దిగితే తప్ప అందదు. ఆ వాలు కూడా ఒకే దిక్కున ఉండిపోకుండా మెల్లగా తిరుగుతూ 18.6 ఏళ్ళకి ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందుకే 2015 జనవరి నుంచి 2018 సెప్టెంబరు దాకా చంద్రుడు వెళ్ళిన ప్రతిసారీ, మొత్తం 49 సార్లు, భూమ్మీద ఎక్కడో ఒకచోట రోహిణిని కప్పాడు, ఆ తర్వాత ఆగిపోయింది, మళ్ళీ 2033లో మొదలవుతుంది. అప్పటికి నువ్వు ఉద్యోగంలో ఉంటావేమో, గుర్తుపెట్టుకుని చూడు. బాగా వెలిగే చుక్కల్లో చంద్రుడికి అందేవి నాలుగే: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. మఖ దాదాపు సూర్యుడి దారి మీదే ఉంటుంది కాబట్టి దాని వంతు ఒక్కో చుట్టులో రెండుసార్లు వస్తుంది. జ్యేష్ఠ వంతు 2023లో మొదలైంది, 2028 దాకా నడుస్తుంది.

దక్షుడి 27 మంది కూతుళ్ళలో చంద్రుడు రోహిణినే ఎక్కువగా చూసుకున్నాడని, దాంతో మామగారు శాపం పెట్టాడని కథ నీకు చెప్పక్కర్లేదు, ఆ దక్షుడు యజ్ఞం చేసిన చోటని చెప్పుకునే ఊరే మీది. చంద్రుడు ప్రతిష్ఠించాడనే సోమారామం కూడా మన భీమవరం గునుపూడిలోనే ఉంది. అల్లుడూ మామా ఇద్దరూ మన జిల్లాల వాళ్ళే అయినప్పుడు ఈ విషయం మనవాళ్ళకి తెలియకపోతే ఎలాగ చెప్పు.

ప్రశ్న: 2023లో ఉగాది వెళ్ళిన రెండో రోజు సాయంత్రం నెలవంక కింద చుక్క వేలాడింది, అందరూ స్టేటస్‌లు పెట్టారు. అది ఇదేనా? (పాలకొల్లు)

జవాబు: ఇదేనండి, కాకపోతే అది చుక్క కాదు, శుక్రుడు. 2023 మార్చి 24న జరిగింది. చీకటిపడ్డాక మీరు స్టేటస్ పెట్టేసరికి చంద్రుడి వెనక నుంచి శుక్రుడు బయటికి వచ్చేశాడు, అసలు ఘట్టం వెలుగుండగానే అయిపోయింది.

ప్రశ్న: మా స్కూలు డాబా మీద పిల్లలకి బైనాక్యులర్‌తో ఒక చుక్క చంద్రుడి వెనక్కి వెళ్ళడం చూపించాను. మెల్లగా మసకబారుతుందని చెప్పాను, కానీ స్విచ్ ఆపినట్టు పోయింది. మబ్బేమైనా అడ్డొచ్చిందంటారా? (సైన్సు టీచర్, రాజోలు)

జవాబు: మబ్బు కాదు మాస్టారూ, పిల్లలు చూసిందే అసలు సంగతి! చంద్రుడి మీద చెప్పుకోదగ్గ గాలి లేదు, ఉంటే చుక్క వెలుగు అందులోంచి వస్తూ మెల్లగా తగ్గేది. రెండో కారణం చుక్క దూరం. రోహిణి మన సూర్యుడికి 40 రెట్లకి పైగా వెడల్పున్న చుక్క, అయినా 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి ఇక్కణ్ణుంచి చూస్తే ఒక బిందువు, అంతే. చంద్రుడు గంటకి సుమారుగా తన వెడల్పంత దూరం జరుగుతాడు, ఆ వేగంతో రోహిణిని మూసేయడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు, కంటికి అది ఏమాత్రం అందదు.

ఈసారి మళ్ళీ చూపించేటప్పుడు పిల్లలకి ఇవి చెప్పండి. అమావాస్య వెళ్ళిన నాలుగైదు రోజుల చంద్రుడైతే సాయంత్రం పడమట వెలిగే భాగం కిందకి, చీకటి భాగం పైకి ఉంటుంది, బైనాక్యులర్‌లో ఆ చీకటి భాగం కూడా బూడిదరంగులో గుండ్రంగా తెలుస్తుంది, అది భూమి నుంచి వెళ్ళిన వెలుగు. చుక్క ఆ బూడిదరంగు అంచుకి పైన ఉంటుంది, చంద్రుడే దాని వైపు పైకి జరుగుతాడు, మధ్యలో ఖాళీ తగ్గుతూ తగ్గుతూ చివరికి చుక్క అంచుకి ఆనుకుని కొద్దిసేపు కదలకుండా కూర్చున్నట్టు ఉంటుంది, అప్పుడు మాత్రం కన్ను పక్కకి తిప్పొద్దు, ఎవరు పిలిచినా సరే. ఆ క్షణం ఫోటో కోసం ఫోన్ సర్దుకుంటూ కూర్చున్నవాళ్ళు దాన్ని పోగొట్టుకుంటారు. నా మాటగా చెప్తున్నాను, మొదటిసారి కంటితోనే చూడండి, ఫోటో తర్వాత.

రెండు మెట్లుగా పోయిన చుక్క కనిపిస్తే అది జంట చుక్క అయి ఉండొచ్చు. 1819 ఏప్రిల్ 13న వియన్నాలో యోహాన్ బ్యుర్గ్ అనే ఖగోళవేత్త, జ్యేష్ఠ చంద్రుడి వెనక నుంచి బయటికి వస్తుంటే చూస్తున్నాడు, ముందు చిన్న చుక్క ఒకటి కనపడింది, కొన్ని సెకన్ల తర్వాత జ్యేష్ఠ వచ్చింది. దానికి ఒక తోడు ఉందని మనకి మొదట తెలిసింది అలాగే.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల. చంద్రుడు చుక్కని మింగే రోజున బయటికి రాకూడదని పక్కింటావిడ అంటోంది. (మండపేట)

జవాబు: ఏమీ భయపడకండమ్మా. చంద్రుడు ప్రతి రాత్రీ ఏవో చిన్న చుక్కల్ని కప్పుతూనే ఉంటాడు, మనకి కనపడదు అంతే. అమ్మాయిని కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించండి, కళ్ళకి కూడా ఏ ఇబ్బందీ లేదు.

ప్రశ్న: మేం అమలాపురంలో నలుగురం ఫ్రెండ్స్ కలిసి చూస్తుంటాం. దీనివల్ల సైన్సుకి ఏమైనా ఉపయోగం ఉందా, లేక చూసి ఆనందపడ్డమేనా? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: బోలెడంత ఉంది. క్రీ.శ. 509 మార్చి 11న ఏథెన్స్‌లో చంద్రుడు రోహిణిని కప్పాడని ఎవరో రాసిపెట్టారు. ఎడ్మండ్ హేలీ 1718లో ఆ రాతనీ, ఇంకొన్ని పాత కొలతలనీ తన కాలం లెక్కలతో సరిచూసి, కదలవనుకున్న చుక్కలు కూడా తమంతట తాము జరుగుతున్నాయని చెప్పాడు. హేలీకి పన్నెండు వందల ఏళ్ళ ముందు ఒకాయన టైము రాసి పెట్టుకున్నందుకు అది పనికొచ్చింది చూడండి! మన దేశంలో అయితే రేడియో ఖగోళవేత్త గోవింద్ స్వరూప్ గారి బృందం ఊటీలో 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు రేడియో టెలిస్కోపు కట్టింది, 1970లో పని మొదలైంది, ముఖ్యంగా ఎందుకు కట్టారంటే చంద్రుడు దూరపు రేడియో గెలాక్సీలని (రేడియో తరంగాలు బాగా వెదజల్లే గెలాక్సీలని) కప్పే క్షణం పట్టుకుని అవి ఎంత వెడల్పున్నాయో, సరిగ్గా ఎక్కడున్నాయో లెక్కగట్టడానికి.

మీరు చేయాల్సింది టైము పట్టడం. ఒక ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టండి, ఇంకో ఫోన్‌లో జీపీఎస్ గడియారం యాప్ చూస్తూ ఒకరు సెకన్లు పైకి చదవాలి, బైనాక్యులర్ దగ్గరున్నవాళ్ళు చుక్క పోగానే "పోయింది" అని అరవాలి, తర్వాత రికార్డింగ్ వింటే టైము దొరుకుతుంది. కన్ను చూసి నోరు పలకడానికి సెకనులో మూడో వంతు దాకా పడుతుంది, అది కూడా పక్కన రాయండి. లొకేషన్ తప్పకుండా రాయాలి, ఎందుకంటే చంద్రుడు మనకి దగ్గర, ఊరు మారితే టైము మారిపోతుంది. మీ నలుగురిలో ఇద్దరు నరసాపురం వెళ్ళి అక్కణ్ణుంచి పడితే మీకూ వాళ్ళకీ పదుల సెకన్ల తేడా రావచ్చు, ఆ తేడా మీ చేతుల్లోనే తేలితే ఇంక ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. హైదరాబాద్ టైము టీవీలో చెప్తే దాన్ని నమ్ముకుని కూర్చోకండి, ఆకాశం చూపించే స్టెల్లారియం యాప్‌లో అమలాపురం పెట్టుకుని చూసుకోండి.

ప్రశ్న: నాది సఖినేటిపల్లి వైపు రొయ్యల చెరువండి. ఏరేటర్లు చూసుకుంటూ తెల్లారేదాకా గట్టు మీదే ఉంటాను. చుట్టూ లైట్లే. నేను చూడొచ్చా, ఏం కొనాలి?

జవాబు: మీకున్న అవకాశం మాకెవరికీ లేదండి. పౌర్ణమి దాటాక చంద్రుడు రాత్రి ఆలస్యంగా వస్తాడు, అప్పుడు చుక్క వెలిగే అంచు వైపు నుంచి లోపలికి పోయి, గంట లోపో గంట పైనో ఆగి, చీకటి అంచు నుంచి బయటికి వస్తుంది. అది అర్ధరాత్రి దాటాక జరిగే పని, ఊరంతా నిద్రలో ఉంటుంది, మీరు మెలకువగా ఉంటారు. పైగా చుక్క ఎక్కడ బయటపడుతుందో ముందు తెలియదు, అంచంతా చూస్తూ ఉండాలి, ఓపిక కావాలి, అది మీ పనిలో ఎలాగూ అలవాటే.

చెరువు లైట్ల గురించి బెంగ పెట్టుకోకండి. మనం చూసేది పెద్ద చుక్కని, దాని పక్కన చంద్రుడి వెలుగు ముందు మీ లైట్లు ఎంత, కళ్ళలోకి నేరుగా పడకుండా దీపానికి వీపు పెట్టి కూర్చుంటే చాలు. కొబ్బరి తోటలో ఇళ్ళున్నవాళ్ళకి ఆకాశం అరచేతి మేర దొరకదు, మీకు గట్టు మీద నాలుగు దిక్కులా దొరుకుతుంది. అసలు ఇబ్బంది మంచు. కార్తీకం నుంచి మాఘం దాకా మన వైపు ఆకాశం బాగుంటుంది కానీ అద్దాల మీద తడి పట్టేస్తుంది, బైనాక్యులర్ ముందు భాగానికి నల్ల చార్టు చుట్టి గొట్టంలా కట్టండి, చూడనప్పుడు తువ్వాలు కప్పి ఉంచండి, చొక్కా అంచుతో మాత్రం తుడవకండి, ఉప్పుగాలికి పట్టిన ఇసక అద్దాన్ని గీసేస్తుంది.

కొనాల్సింది 10×50 (అంటే పది రెట్లు పెద్దగా చూపించే, 50 మిల్లీమీటర్ల ముందు అద్దాలున్న) బైనాక్యులర్ ఒకటి, టెలిస్కోపు అక్కర్లేదు, బొమ్మల షాపుల్లో అమ్మే 'వంద రెట్లు' టెలిస్కోపులైతే అసలు వద్దు, వాటి కాళ్ళు గాలికే ఊగిపోతాయి. చేతులు వణక్కుండా బైనాక్యులర్‌ని వెదురు గెడకి ఆనించుకోండి. బయటికొచ్చిన టైము సెకన్లతో సహా, మీ గట్టు లొకేషన్‌తో కలిపి మాకు రాసి పంపండి, వచ్చే నెల అమలాపురం వాళ్ళ టైము పక్కనే వేస్తాం.