కొత్తగా క్లినిక్కు పెట్టిన మేనల్లుడికి: ఆ పాత మాత్రల సంగతి

నాన్నా బుజ్జీ,

గాజువాకలో నీ క్లినిక్కు మెల్లగా పుంజుకుంటోందని మీ నాన్న చెప్పాడు. సంతోషం. మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పెట్టేయడం ఇష్టం లేక ఇలా కూర్చుని రాస్తున్నాను.

బీపీ, షుగరు చూపించుకోడానికి వచ్చినవాళ్ళు లేవబోతూ "ఇది కూడా రాసేయండి సార్, నరాల మాత్ర" అని ఒక స్ట్రిప్పు తీస్తారు. చూస్తే ఎస్సిటాలోప్రామో, సెర్ట్రాలీనో, అంటే దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే మాత్రలు. ఆరేళ్ళ నుంచి వాడుతున్నాం అంటారు, పదేళ్ళంటారు. ఏ డాక్టరు మొదలెట్టాడో, ఎందుకు మొదలెట్టాడో వాళ్ళకే సరిగ్గా గుర్తుండదు. రాసేయాలా, ఆపాలా, అసలు మనలాంటి మామూలు డాక్టర్లం దాని జోలికి పోవచ్చా అన్నది కదా నీ అనుమానం.

పోవాలి. నువ్వు పోకపోతే ఇంకెవరూ పోరు.

ఎందుకంటావా? మొదట రాసిన సైకియాట్రిస్టు, మనిషి మళ్ళీ రాలేదు కాబట్టి బాగుపడి మానేసి ఉంటాడనుకుంటాడు. మనం, ఆయన రాసినది మనమెందుకు కెలకడం అనుకుంటాం. పేషెంటేమో ఆపాల్సి ఉంటే డాక్టరుగారే చెప్తారు కదా అనుకుంటాడు. మందుల షాపువాడికి పాత చీటీ చాలు, కొందరికైతే అదీ అక్కర్లేదు. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్లని కూర్చోబెట్టి అడిగితే వాళ్ళూ ఇవే చెప్పారు: మళ్ళీ జబ్బు తిరగబెడుతుందేమోనని భయం, మాట్లాడే తీరిక లేకపోవడం, మొదలెట్టడం నేర్పారు గానీ ఆపడం ఎవరూ నేర్పకపోవడం. మన ఊళ్ళో దీనికి తోడు పెద్ద దెబ్బలు తగిలిన సంవత్సరాలున్నాయి. 2014లో హుద్‌హుద్ తర్వాత నిద్రపట్టక మొదలెట్టినవాళ్ళు, 2021 కరోనాలో ఇంట్లో మనిషిని పోగొట్టుకుని మొదలెట్టినవాళ్ళు నా దగ్గరికి ఇప్పటికీ అదే డోసుతో వస్తున్నారు. ఆ రోజు ఆ మాత్ర అవసరమే. ఈ రోజుకీ అవసరమేనా అని అడిగినవాళ్ళు లేరు, అంతే.

ఆ మాట మొదట ఎత్తడమే సగం వైద్యం. ఇది నా పైత్యం కాదు. ఇంగ్లండు, వేల్సుల్లో ఆపాలనుకుంటున్న పేషెంట్లని రెండు జట్లు చేసి చూశారు, 2024లో ఫలితాలు వచ్చాయి. ఒక జట్టుకి ఇంటర్నెట్టులో సలహాలు, ఫోన్లో ధైర్యం చెప్పే మనిషి. రెండో జట్టుకి తమ ఫ్యామిలీ డాక్టరుతో మామూలు రివ్యూ మాత్రమే. ఆరు నెలలయ్యేసరికి రెండు జట్లలోనూ 40 శాతానికి పైగా మాత్ర మానగలిగారు. డాక్టరు పిలిచి మాట్లాడితే ఎంత పని జరుగుతుందో నాకు అందులోనే కనిపించింది.

అయితే ఎలా ఎత్తుతావన్నది ముఖ్యం. బయట ఇరవైమంది కూర్చునుండగా ఎత్తకు. "మానేయండి" అని అసలే అనకు. ఆ మాట వినగానే మనిషి ఇంటికెళ్ళి ఆ రాత్రే స్ట్రిప్పు అవతల పారేస్తాడు, నాలుగో రోజుకి కళ్ళు తిరుగుతున్నాయని వస్తాడు. "ఈ మాత్ర ఇంకా కావాలో అక్కర్లేదో ఒకసారి ఇద్దరం కూర్చుని చూద్దామా? ఫలానా మధ్యాహ్నం తీరిగ్గా రండి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ పట్టుకురండి" అను, చాలు. ఆడవాళ్ళని మొదట ఒంటరిగా అడుగు. మాత్ర సంగతి అత్తవారింట్లో తెలియకుండా పోపులడబ్బాలో దాచుకునేవాళ్ళు మనం అనుకునేకంటే ఎక్కువమంది. ఆ తర్వాత వాళ్ళు ఒప్పుకుంటే భర్తనో కొడుకునో కూర్చోబెట్టు. ఎందుకంటే సగం సార్లు భయం పేషెంటుది కాదు, "అది మానిపిస్తే మళ్ళీ మునుపటి గోలే డాక్టరుగారూ" అనే ఇంట్లోవాళ్ళది.

ఆ భయాన్ని కొట్టిపారేయకు, అందులో నిజముంది. 2021లో వచ్చిన యాంట్లర్ అధ్యయనం గుర్తుపెట్టుకో. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర ఏళ్ళ తరబడి మాత్ర వాడుతూ, బాగున్నాం, ఆపుదామా అనుకుంటున్న 478 మందిని తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి, మాత్ర కొనసాగించినవాళ్ళలో 39 శాతానికి జబ్బు తిరగబెట్టింది, తగ్గించి ఆపినవాళ్ళలో 56 శాతానికి. ఈ రెండు అంకెలూ పేషెంటు ముందు పెట్టు. వాడినా కొందరికి వస్తుంది, ఆపినా చాలామందికి రాదు. ఎటు మొగ్గాలో వాళ్ళ బతుకు చూసి వాళ్ళు తేల్చుకుంటారు. ఒకావిడ అంకెలు విని "నాకు ఇదే బాగుందండీ, ఉంచేయండి" అంది. ఉంచేశాను. ఆలోచించి ఉంచుకున్న మాత్రకీ, ఎవరూ చూడక మిగిలిపోయిన మాత్రకీ చాలా తేడా ఉంది.

ఉంచినా కనీసం ఆరు నెలలకోసారి చూడు. ముసలివాళ్ళలో మరీను. బీపీకి టెల్మిసార్టాన్‌తో కలిపి క్లోర్‌తాలిడోన్ వేసుకుంటూ, పక్కన ఎస్సిటాలోప్రామ్ కూడా వాడుతుంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు. మన మే నెల ఉక్కలో "మా మావగారు తికమకగా మాట్లాడుతున్నారు" అని తీసుకొచ్చారంటే ముందు ఆ పరీక్ష రాయి. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు కూడా వాడుతుంటే కడుపులో రక్తస్రావం సంగతి అడుగు. మగవాళ్ళు పడకగది ఇబ్బంది నోరు తెరిచి చెప్పరు, నువ్వే అడగాలి.

ఇక తగ్గించడం. ఇక్కడే మన దేశపు చిక్కు ఒకటుంది, పాశ్చాత్య పుస్తకాలు నిన్ను దీనికి సిద్ధం చెయ్యవు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదువు. చాలాసార్లు ఎస్సిటాలోప్రామ్‌తో పాటు అదే మాత్రలో క్లోనజిపామ్ 0.5 మి.గ్రా. ఉంటుంది, అది ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే, ఒంటికి అలవాటు పడిపోయే మందు. పేషెంటుకి అది ఒకే మాత్ర. నీకు రెండు మందులు. ఒక్కసారిగా ఆపితే క్లోనజిపామ్ కూడా ఆగిపోయి, ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి ఫిట్స్ కూడా రావచ్చు. ముందు అదే డోసులో రెంటినీ విడివిడి మాత్రలుగా రాసి కొన్ని వారాలు ఉంచు. తర్వాత ఒకదాని తర్వాతే ఒకటి తగ్గించు. రెండూ ఒకేసారి తగ్గిస్తే ఏ బాధ దేనివల్లో నీకూ తెలీదు, వాళ్ళకీ తెలీదు.

రోజు విడిచి రోజు వేసుకోమని రాసే అలవాటు మన డాక్టర్లలో బాగా ఉంది. వద్దు. ఎస్సిటాలోప్రామ్ ఒంట్లో సుమారు 30 గంటల్లో సగమవుతుంది, రెండు రోజులకి మూడో వంతుకి వచ్చేస్తుంది. అంటే రోజు మార్చి రోజు ఎక్కడం, దిగడం. ఇదే రకం మాత్రలైన పారాక్సెటీన్, వెన్లాఫాక్సిన్ ఇంకా తొందరగా పోతాయి, వాటితో ఈ ఆట అస్సలు ఆడకు. ఫ్లూయాక్సెటీన్ ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి దాంతో పర్లేదు.

డోసు సగం చేస్తే దాని పని సగమవుతుందని అనుకుంటాం. కాదు. ఎస్సిటాలోప్రామ్‌కి దగ్గరి చుట్టమైన సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములకి, మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని రవాణా చేసే చోట్లలో సుమారు 80 శాతాన్ని మందు ఆక్రమిస్తుంది. 9 మి.గ్రా.కి దించినా 70 శాతం. 3.4 మి.గ్రా. దగ్గర కూడా ఇంకా సగం. ఎస్సిటాలోప్రామ్‌కి డోసు ఇంచుమించు ఇందులో సగం అనుకో. అందుకే 10 నుంచి 5కి చాలామంది హాయిగా దిగుతారు, తీరా 2.5 నుంచి సున్నాకి వచ్చేటప్పుడు కూలబడతారు. "చిన్న ముక్కే కదా, ఆపేయండి" అనకూడని చోటు అదే. కింద డోసుల్లో అడుగు చిన్నది చెయ్యాలి. 5 మి.గ్రా. మాత్ర సగం, ఆపైన పావు. ఒక్కో మెట్టు దగ్గర రెండు నుంచి నాలుగు వారాలు. కొందరికి మొత్తం ఏడాది పట్టినా తొందరపెట్టకు. డెస్‌వెన్లాఫాక్సిన్ లాంటి మెల్లగా కరిగే మాత్రల్ని మాత్రం విరవనివ్వకు.

తగ్గించాక మొదటి వారంలోనే నువ్వే ఫోన్ చెయ్యి, లేదా సిస్టర్ చేత చేయించు. తల తిప్పితే బుర్రలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, కళ్ళు తిరగడం, వికారం, పీడకలలు, ఊరికే ఏడుపు, చిరాకు: ఇవి రోజుల్లోనే మొదలైతే, అంతకుముందు ఎప్పుడూ లేనివైతే, మాత్ర తగ్గినందుకు వచ్చిన బాధలే. పాత డోసుకి వెళ్తే త్వరలోనే తగ్గుతాయి, ఇంకొంచెం మెల్లగా దిగవచ్చు. నెలలు గడిచాక నెమ్మదిగా ఆకలి చచ్చి, మనుషులంటే విసుగు పుట్టి, ఒకప్పటి దిగులే తిరిగొస్తే అది జబ్బు. మొదటిదాన్ని రెండోదనుకుని "చూశారా, మీకు జీవితాంతం కావాలి" అని తీర్పు చెప్పేసినవాళ్ళని చాలామందిని చూశాను. ఈ బాధలు రావచ్చని ముందే చెప్పి ఉంచితే పేషెంటు భయపడడు.

కాలం చూసుకో. కూతురి పెళ్ళి ముందు, పిల్లల ఇంటర్ పరీక్షలప్పుడు, ఇంట్లో సంవత్సరీకం నెలలో, స్టీలు ప్లాంటులో రిటైరయ్యే ఏడాదిలో మొదలెట్టకు.

కొందరిని నువ్వు ఒంటరిగా ముట్టుకోకు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళు, జబ్బు మూడు నాలుగుసార్లు తిరగబెట్టినవాళ్ళు, ఒకప్పుడు ఉద్రేకం ఎక్కువై అప్పులు చేసి ఊరంతా తిరిగారని ఇంట్లోవాళ్ళు చెప్పేవాళ్ళు. వీళ్ళకి పెద్దాస్పత్రి కేజీహెచ్‌లో గానీ చినవాల్తేరు మానసిక వైద్యశాలలో గానీ చూపించి, వాళ్ళ సలహా మీదే నడువు. నెల తప్పిందని భయపడి మాత్ర పారేయబోయే అమ్మాయిల్ని కూడా ఆపి, గైనకాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించు. రాత్రుళ్ళు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మనసు బాధలకి ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ 14416 ఉందని అందరికీ చీటీ మీద రాసివ్వు, తెలుగులో మాట్లాడతారు.

ఆపేశాక ఫైలు పైఅట్ట మీద మాత్ర పేరు, ఆపిన తేదీ పెద్దక్షరాలతో రాయి. ఆర్నెల్ల వరకూ తరచుగా పిలువు, తిరగబెట్టేది ఎక్కువగా ఆ లోపలే. ఇంకొకటి. రేపు వాళ్ళు కంటి ఆపరేషన్‌కో మోకాలికో ఏదో ఆస్పత్రిలో చేరతారు. అక్కడ పాత చీటీ చూసి డిశ్చార్జి కాగితంలో ఆ మాత్రని మళ్ళీ ఎక్కిస్తారు. వచ్చాక ఆ కాగితం మొత్తం చదివి, దాన్ని నీ చేత్తో కొట్టెయ్యి.

మీ అత్త