కంపెనీ బేస్‌బాల్ మ్యాచ్‌కి రమ్మంటున్నారు, వెళ్ళాలా?

"అన్నా, నేను జపాన్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మా కంపెనీ జట్టు టోక్యో డోమ్‌లో ఆడుతోందని, అందరూ వచ్చి ఉత్సాహపరచాలని ఆఫీసులో మెయిల్ పెట్టారు. టికెట్టు, టవలు ఊరికే ఇస్తారట. నాకు బేస్‌బాల్‌లో ఓనమాలు కూడా రావు. ఇది ఆఫీసు పిక్నిక్ లాంటిదా? ఎగ్గొడితే మేనేజర్ ఏమైనా అనుకుంటాడా?"

ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం తమ్ముడూ. ఎగ్గొడితే ఉద్యోగమేమీ ఊడదు. "ఆ రోజు వేరే పనుంది" అని ముందుగా చెప్పేస్తే సరిపోతుంది. మ్యాచ్ పనివేళల్లో పడితే మాత్రం, అది డ్యూటీ కింద లెక్కో సెలవు పెట్టుకోవాలో హెచ్ఆర్ వాళ్ళని అడిగేసెయ్. మొహమాటపడకు. కానీ నన్నడిగితే వెళ్ళమనే చెప్తాను. పిక్నిక్ అనుకుని మాత్రం వెళ్ళకు.

ఇక్కడ ఉద్యోగులు బేస్‌బాల్ ఆడటం చాలా పాత అలవాటు. అమెరికాలో రైలు ఇంజనీరింగ్ నేర్చుకుని వచ్చిన హిరావోకా హిరోషి 1878లో షింబాషి అథ్లెటిక్ క్లబ్ పెట్టాడు. జపాన్లో మొదటి బేస్‌బాల్ జట్టు అదేనంటారు. అందులో రైల్వే ఉద్యోగులుండేవారు. తర్వాత ఆట బళ్ళలోకి, కాలేజీల్లోకి పాకింది. 1920ల నాటికి విద్యార్థుల మ్యాచ్‌లకి జనం విరగబడేవారు. చదువైపోయి ఉద్యోగంలో చేరినవాడికి మాత్రం అంత పెద్ద పోటీ ఒక్కటీ లేదు. వసేదా విశ్వవిద్యాలయం జట్టుకి ఒకప్పటి కెప్టెన్, ఆ తర్వాత పత్రికల్లోకి వచ్చిన హషిదో మకోతో ఈ లోటు చూశాడు. అలా 1927లో మెయిజి జింగూ స్టేడియంలో పట్టణాల మధ్య పోటీలు మొదలయ్యాయి. అవే నిన్ను పిలిచిన పోటీలు. ఇక్కడ ప్రొఫెషనల్ లీగు పుట్టింది 1936లో. అంటే జీతం కోసం ఆఫీసుకెళ్ళేవాళ్ళ పోటీలే దానికంటే పాతవి. ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతికి ఇవాళ్టికీ హషిదో పేరే.

మీ స్కోరుబోర్డు మీద కంపెనీ పేరుతోపాటు ఊరి పేరు కూడా ఉంటుంది, గమనించు. టొయోటా మోటార్ అయితే టొయోటా నగరం, తోషిబా అయితే మా కవాసాకి. ఆడేది కంపెనీ ఉద్యోగులు, పరువు ఊరిది. అందుకే ప్రాంతీయ పోటీల్లో గెలిచి డోమ్‌కి వచ్చే జట్టు, తమ ప్రాంతంలోనే ఓడిపోయిన జట్ల నుంచి కొందరు ఆటగాళ్ళని అరువు తెచ్చుకోవచ్చు. 1950 నుంచీ ఉన్న పద్ధతి ఇది. మొన్నటిదాకా ప్రత్యర్థిగా నిలబడ్డవాడు ఇవాళ మీ జట్టులో బౌలింగ్ వేస్తుంటాడు (పిచింగ్ అనాలి, మన నోటికి అంత త్వరగా అలవాటవదు). కిందటేడు గెలిచిన జట్టుకి ప్రాంతీయ పోటీలు ఆడే పని లేదు, దానికి బదులు అరువు ఆటగాళ్ళు కూడా ఉండరు. చక్కటి నియమం. మన టోర్నమెంట్లలో ఇలాంటిది పెడితే ఎన్ని గొడవలవుతాయో!

గెలిచినవాళ్ళకి నల్ల సింహం జెండా ఇస్తారు. ఆ జెండా ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళిందో చూస్తే జపాన్ పరిశ్రమల చరిత్ర సగం తెలిసిపోతుంది. మొదటి మూడేళ్ళూ జెండా సముద్రం దాటి, ఇప్పుడు చైనాలో ఉన్న డాలియన్‌కి పోయింది. అప్పట్లో ఆ ఊరు జపాన్ చేతిలో ఉండేది, 1927లో గెలిచింది అక్కడి దక్షిణ మంచూరియా రైల్వే ఉద్యోగులు. 1942లో గెలిచిన జట్టు, ఇవాళ మనం సియోల్ అంటున్న ఊరిది. యుద్ధం తర్వాత బట్టల మిల్లుల కాలం, 1950 నుంచి వరసగా మూడేళ్ళు కనెబో జట్టుదే జెండా. ఉక్కు, కాగితం, కార్లు, టెలిఫోన్లు అన్నిటికీ తలా ఒక వంతు వచ్చింది. అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది పెట్రోలు అమ్మే ఎనియోస్, 2022లో పన్నెండోసారి.

వీళ్ళు నిజంగా ఉద్యోగులేనా అని అడుగుతావు. మన రైల్వేల్లో, బ్యాంకుల్లో స్పోర్ట్స్ కోటా ఉంటుంది చూడు, దాదాపు అదే. స్టేట్ బ్యాంక్ జట్టు హైదరాబాద్ వచ్చి మొయినుద్దౌలా క్రికెట్ కప్ ఆడేది కదా, అలాగన్నమాట. చాలా కంపెనీల్లో మధ్యాహ్నం దాకా ఆఫీసు పని, తర్వాత మైదానం. పోటీలు దగ్గరపడితే పూర్తిగా ఆటే. ఆట మానేశాక అదే కంపెనీలో మామూలు ఉద్యోగిగా కొనసాగుతారు. మీ సేల్స్ విభాగంలో భుజాలు వెడల్పుగా, గొంతు పెద్దగా ఉన్న సీనియర్ ఎవరైనా ఉంటే, ఒకప్పుడు ఏ పొజిషన్‌లో ఆడేవారని అడిగి చూడు. నేను ఆ ఒక్క ప్రశ్నతో సంపాదించిన స్నేహాలు, జపనీస్ క్లాసులతో సంపాదించుకోలేదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి ఆడి అమెరికాని ఊపేసిన నోమో హిదెయో కూడా ముందు సకాయిలోని ఉక్కు కంపెనీ జట్టులో ఆడినవాడే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

ఈ వైభవం తరిగింది కూడా. 1963లో దేశంలో 237 కంపెనీ జట్లుండేవి, 2000లు ముగిసేసరికి వంద కూడా మిగల్లేదు. అమ్మకాలు పడిపోతే కంపెనీ మొదట కోసేది ఈ ఖర్చునే. నిస్సాన్ 2009తో జట్టుని ఆపేసి, మళ్ళీ 2025లో నిలబెట్టింది. కాబట్టి మీ వాళ్ళు ఇంకా జట్టుని నడుపుతున్నారంటే, ఏటా బడ్జెట్ మీటింగులో ఎవరో ఒకరు దానికోసం పోట్లాడుతున్నారనుకోవచ్చు.

ఇక డోమ్‌లో ఎలా మసలుకోవాలి? స్టాండ్స్ ముందు స్టేజీ కడతారు. బ్యాండు, చీర్ బృందం, మైకు పట్టుకున్న ఒక కుర్రాడు. ప్రేక్షకుల ఉత్సాహానికీ పోటీ ఉంది, బాగా చేసినవాళ్ళకి బహుమతులిస్తారు. మన జట్టు బ్యాటింగ్‌కి వచ్చినప్పుడే కేకలు. అవతలివాళ్ళ వంతు రాగానే అంతవరకూ చెవులు చిల్లులు పడేలా అరిచిన వేలమంది ఒక్కసారిగా కూర్చుని బెంటో (కట్టుకొచ్చిన భోజనం) డబ్బాలు విప్పుతారు. నువ్వూ కూర్చో. ఓడిపోతే ఇంటికే, రెండో అవకాశం లేదు. అందుకని చివరి ఇన్నింగ్స్‌లో పక్కవాళ్ళ కళ్ళు తడైనా ఆశ్చర్యపోకు. శాకాహారివైతే ఇంటి దగ్గర్నుంచే పులిహోర కట్టుకెళ్ళు, స్టాల్స్‌లో ఉడికించిన సోయా కాయలూ ఆలూ ఫ్రైసూ తప్ప పెద్దగా ఏమీ దొరకవు. రేకు డబ్బాల్లో పానీయాలూ గాజు సీసాలూ లోపలికి రానివ్వరు.

మ్యాచ్ చూసొచ్చాక "నువ్వూ ఆడతావా?" అని ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. అది వేరే లోకం. ఆదివారం పొద్దున్నే తమా, అరకావా నదుల ఒడ్డున మామూలు ఉద్యోగులు రబ్బరు బంతితో ఆడుకునే ఆట. ఒప్పుకో. క్రికెట్ ఆడిన చేతికి క్యాచులు బాగానే వస్తాయి. మనవాళ్ళు తేలిపోయేది కొట్టాక. బంతి నేలమీద మైదానం లోపలికి పోయిందంటే పరిగెత్తి తీరాలి, "వద్దు, ఆగు" అనడం ఉండదు. కీపర్ వెనక్కి చక్కగా గ్లాన్స్ చేస్తే అది ఫౌల్, ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆట అయ్యాక గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ మైదానానికి వంగి దణ్ణం పెడతారు. తర్వాత పొడుగు కర్ర పలకలు పట్టుకుని మట్టిని చదును చేస్తారు, తర్వాత వచ్చే జట్టు కోసం. మేనేజరైనా సరే కర్ర పట్టాల్సిందే. నువ్వు మొదటి రోజే పలక అందుకున్నావంటే, ఆట రాకపోయినా మళ్ళీ పిలుస్తారు.

చేరేముందు ఒక్కటి కనుక్కో. జట్టువాళ్ళు క్రీడా ప్రమాద బీమా కట్టారా, అందులో నీ పేరు రాయించారా అని. ఏడాదికి కట్టేది కొద్ది మొత్తమే.