బెనిడార్మ్ వెళ్ళే ముందు ఇది చదువు

చిట్టితల్లీ,

స్పెయిన్‌లో బెనిడార్మ్‌కి సెప్టెంబర్‌లో వెళ్తున్నామన్నావు, మంచి పని చేశావు, అప్పటికి ఎండ కాస్త తగ్గినా సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, బుజ్జిగాడు నీళ్ళలోంచి బయటికి రమ్మన్నా రాడు. మీరుండేది లండన్‌లోనే అయినా పాస్‌పోర్టులు మనవే కాబట్టి స్పెయిన్‌లాంటి యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ వీసా తప్పదు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా చూపించాలి. ఈ పని ముందే ముగించు. అలికాంటే విమానాశ్రయం నుంచి నేరుగా బస్సుంది, టాక్సీ వద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ ఊరి టైముకి మీరు మారాలి. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు సాయంత్రం ఆరింటికే భోజనానికి బయల్దేరాం. ఎక్కడా వంటగది తెరవలేదు, ఆకలికి పిల్లవాడు ఏడుపు. అక్కడ మధ్యాహ్న భోజనం రెండు దాటాకే, రాత్రిది తొమ్మిదికి. అందుకే పొద్దున్నే బీచ్‌కి వెళ్ళొచ్చి, కడుపునిండా తిని, మధ్యాహ్నమంతా పడుకోండి. రాత్రి పది దాటాక కూడా తాతలూ మనవలూ సముద్రం పక్కన నడుస్తూ ఉంటారు, ఆ సందడి చూడకపోతే ఆ ఊరు చూడనట్టే.

గది మాత్రం లెవాంతె బీచ్ చివర పబ్బులుండే వైపు తీసుకోకు, తెల్లవార్లూ పాటలే. పొనియెంతె వైపు చూడు, అక్కడి బీచ్ దాదాపు 3 కిలోమీటర్లు, ప్రశాంతంగా ఉంటుంది. రెండు బీచ్‌ల మధ్య గుట్ట మీద పాత ఊరు, నీలం గుమ్మటాల చర్చి. ఇప్పుడు ఆకాశాన్నంటే హోటళ్ళున్న ఈ ఊరు ఒకప్పుడు జాలరి పల్లె, 1950ల్లో మేయర్ పెద్రో సరగోసా పట్టుబట్టి ఇలా మార్చాడు. బికినీలకు అనుమతివ్వడం కోసం స్కూటర్ మీద మాడ్రిడ్ దాకా వెళ్ళి అప్పటి స్పెయిన్ నియంత ఫ్రాంకోనే కలిశాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నువ్వు శాకాహారివి కదా, జాగ్రత్త, ఉత్త సలాడ్ అడిగినా పైన ట్యూనా చేప వేసి తెస్తారు. "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ అతూన్" (మాంసం లేకుండా, చేప లేకుండా, ట్యూనా లేకుండా) అని మూడూ చెప్పు. బీచ్‌లో ఎర్రజెండా ఉంటే బుజ్జిగాణ్ణి మోకాలి లోతు నీళ్ళలోకి కూడా దింపొద్దు, పైకి ప్రశాంతంగా కనిపించినా సరే.

ఒక సాయంత్రం సెర్రా జెలాదా కొండ మీది శిలువ దాకా నడవండి. దారిలో నీడ ఉండదు, నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి, ఊళ్ళో దీపాలు వెలిగేదాకా ఆగండి. దిగడానికి టార్చి లైటు అల్లుడి బ్యాగులో పెట్టు, ఫోన్ చార్జింగ్‌ని నమ్ముకోవద్దు.

మీ పెద్దమ్మ