డాగ్మాలా కనిపించే ఫ్రేమ్ కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది భీమవరం. వయసు 32. రొయ్యల మేత కంపెనీలో పని, జీతం చేతికి 58 వేలు. ఇంటి ఖర్చు 36 వేలు, చీటీకి 10 వేలు పోతాయి. బ్యాంకులో 80 వేలున్నాయి. ఆదివారాలు పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా దిండి దాకా సైకిల్ తొక్కుతాను. ఈ చలికాలం 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) చేయాలని ఉంది. చైనా ఫ్యాక్టరీ ఒకటి అచ్చం ఇటలీ రేసు సైకిల్ పినరెల్లో డాగ్మాలా ఉండే కార్బన్ ఫ్రేమ్‌ను పేరు లేకుండా 52 వేలకు ఇస్తోంది. ఇంకో 4 వేలిస్తే పేరు కూడా వేసి పంపుతారట. నా పాత అల్యూమినియం సైకిల్‌కు రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టేవి), క్విక్ రిలీజ్ చక్రాలు (మీట తిప్పి విప్పేవి) ఉన్నాయి, ఆ పార్టులే దీనికి మార్చుకుంటాను. రెండు లక్షల చీటీ, 20 నెలలది, ఆరు నెలలైంది. పోయిన నెల పాట 45 వేల దగ్గర ఆగింది. ఈసారి పాడేసి సైకిల్ బిగించుకోవచ్చా? పార్సిల్ మీద గిఫ్ట్ అని రాస్తే పన్ను పడదంటున్నారు, నిజమేనా?

జవాబు: వద్దనే చెబుతాను. ఆ ఫ్రేమ్ చెత్తదని మాత్రం కాదు. అది మంచిదో చెడ్డదో ఫొటో చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. తేడా వస్తే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది మాత్రం ఇప్పుడే చెప్పగలను. మొత్తం మీదే. షోరూమ్ ధరకూ ఈ ధరకూ మధ్య తేడాలో కొంత భాగం ఆ నష్టానికి కంపెనీ పడే పూచీకే పోతుంది.

ముందు చీటీ. పాట 45 వేలకు పాడితే మీ చేతికొచ్చేది 1,55,000. వదులుకున్న 45 వేలలో, ఫోర్‌మన్ కమీషన్ పోగా, మీ వాటాగా తిరిగొచ్చేది రెండు వేల లోపే. అంటే 52 వేల ఫ్రేమ్ కోసం ముందుగానే 43 వేలు వదులుకుంటున్నారు. ఈ లెక్క మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చీటీ పాడటం పాపమేమీ కాదు, ఆసుపత్రి ఖర్చో పిల్లల ఫీజో అయితే నేనే పాడమంటాను. ఇది ఆ బాపతు కాదు. పైగా బ్యాంకులోని 80 వేలు మీ ఇంటి ఖర్చూ చీటీ కలిపితే రెండు నెలలకు కూడా చాలవు. మేత కంపెనీల్లో పని రొయ్య ధర మీద ఎంత ఆధారపడుతుందో మీకు నేను చెప్పాలా?

ఇక 52 వేలు. కస్టమ్స్ వాళ్లు పన్నును వస్తువు ధరతో పాటు రవాణా, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. రేటు, వాళ్లు దాన్ని ఏ వర్గంలో పెడతారన్నదాన్ని బట్టి మారుతుంది. నేనైతే బడ్జెట్‌లో 40 శాతం పక్కన పెడతాను, అంటే సుమారు 21 వేలు. విదేశీ కొనుగోలుకు కార్డు బ్యాంకు వేసే అదనపు రుసుము (మార్కప్) 3.5 శాతం అనుకుంటే, దాని మీద జీఎస్టీ కలిపితే ఇంకో రెండు వేలు. ఫ్రేమ్ ఇంటికొచ్చేసరికి 75 వేలు.

అసలు చిక్కు పాత పార్టుల దగ్గరుంది. మీ సైకిల్‌కు రిమ్ బ్రేకులు, క్విక్ రిలీజ్ చక్రాలని రాశారు. ఇప్పుడొస్తున్న ఇలాంటి ఫ్రేములు దాదాపు అన్నీ డిస్క్ బ్రేకులకూ త్రూ యాక్సిల్ (మరతో బిగించే లావు ఇరుసు) చక్రాలకూ చేసినవే. చక్రాలు పట్టవు, బ్రేకులు పట్టవు. కేబుళ్లన్నీ హ్యాండిల్ లోంచి, ఫ్రేమ్ లోపలి నుంచి పోతాయి కాబట్టి హ్యాండిల్, దాన్ని ఫోర్కుకు బిగించే స్టెమ్ కూడా దానికి తగ్గవే కావాలి. చివరికి మీ పాత సైకిల్ నుంచి ఖాయంగా మిగిలేది సీటు, పెడళ్లు, బాటిల్ కేజ్. గేర్ సెట్టు, చక్రాలు, టైర్లు, బిగింపు కూలి కలిపితే మొత్తం లక్షన్నర దాటుతుంది. అదే డబ్బుకు పేరున్న కంపెనీ అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్కు, డిస్క్ బ్రేకులున్న కొత్త సైకిల్ బిల్లుతో సహా షోరూమ్‌లో దొరుకుతుంది. ట్రెక్, జెయింట్ లాంటి కంపెనీలు మొదటి కొనుగోలుదారుకు ఫ్రేమ్ మీద జీవితకాల వారంటీ ఇస్తాయి.

పేరు లేని ఫ్రేములన్నీ ఒకటి కావు. ఫ్యాక్టరీ తన సొంత అచ్చులో చేసి ఎవరికైనా అమ్మేవాటిని ఓపెన్ మోల్డ్ అంటారు. వీటిలో మంచివి ఉన్నాయి. విన్‌స్పేస్, యోలియో లాంటి చైనా కంపెనీలు తమ పేరుతోనే ఫ్రేములు అమ్ముతూ దానికి పూచీ పడుతున్నాయి. రెండో రకం, పెద్ద కంపెనీ ఆకారాన్ని కాపీ కొట్టింది. 2012 నుంచి 2019 మధ్య టూర్ డి ఫ్రాన్స్‌ను ఏడుసార్లు డాగ్మా మీదే గెలిచారు కాబట్టి దాని మీద మోజు ఎక్కువ, కాపీలూ ఎక్కువే. బయటి ఆకారాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. బలం ఉండేది లోపల కార్బన్ పొరలు ఏ దిక్కుకు ఎన్ని పరిచారు, అచ్చులో సరిగా నొక్కుకున్నాయా, మడతలూ గాలి బుడగలూ మిగిలాయా అన్నదాంట్లో. అది పెయింట్ కింద ఉంటుంది. చీర అంచు చూసి నేత చెప్పగలరు కానీ, ఫ్రేమ్ ఫొటో చూసి పొరలు చెప్పలేరు. అమ్మేవాడు టోరే టీ800 అంటాడు. అది కార్బన్ నూలు రకం పేరు మాత్రమే, నేత గురించి ఏమీ చెప్పదు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ) స్టిక్కర్ అంటాడు. అది పోటీ నిబంధనల ప్రకారం కొలతలూ ఆకారమూ సరిపోయాయా అని చూసేది, బలానికి సర్టిఫికెట్ కాదు.

నాలుగు వేలిచ్చి పేరు వేయించుకునే ఆలోచన పూర్తిగా మానండి. నకిలీ ట్రేడ్‌మార్క్ సరుకును కస్టమ్స్ ఆపేయవచ్చు. అప్పుడు మీకు ఫ్రేమ్ రాదు, డబ్బూ రాదు. స్టిక్కర్లు విడిగా పంపుతామన్నా సరే, వద్దు. ఇంకొకరి పేరు వేసుకోవడానికి వెనకాడని వాడు లోపల పొరలు లెక్క ప్రకారం వేశాడని నేను నమ్మను.

మన నేల సంగతి కూడా చూడండి. డెల్టాలో మీరు ఎక్కే ఎత్తంటే వంతెనలూ కాలువ గట్లూ. మీ అల్యూమినియం ఫ్రేమ్‌కూ ఆ కార్బన్ ఫ్రేమ్‌కూ బరువు తేడా అరకిలో ఉంటుందేమో, అది నిండు నీళ్ల బాటిల్ కంటే తక్కువ. చదును రోడ్డు మీద మిమ్మల్ని ఆపేది గాలి, అందులోనూ ఎక్కువగా మీ ఒంటికి తగిలే గాలి. బ్రెవేకు 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువుంది. గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. దీనికి మీ పాత సైకిలే చాలు. మన వర్షాకాలపు గుంతల్లో కార్బన్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. అల్యూమినియం సొట్ట పడితే కంటికి కనిపిస్తుంది, కార్బన్ లోపల పొర విడిపోయినా పైన గీత కూడా ఉండకపోవచ్చు. ఫోర్కు పైన హ్యాండిల్ బిగించే స్టీరర్ గొట్టం విరిగితే మాత్రం ముందు హెచ్చరికేమీ ఉండకపోవచ్చు. ఉప్పుగాలీ చెమటా తగిలే చోట కార్బన్ గొట్టంలో అల్యూమినియం సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం) పట్టేసుకుపోవడం కూడా మామూలే.

నేనైతే ఇలా చేస్తాను. చీటీ పాడకుండా నడవనిస్తాను. ఈ నెల పది, పన్నెండు వేలతో పాత సైకిల్‌కు చైన్, బేరింగులు, బ్రేక్ ప్యాడ్లు మార్పించి, ఫ్రేమ్‌లో పట్టినంత వెడల్పు టైర్లు వేయిస్తాను. పీఎంఎస్‌బీవై (ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన) ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు వస్తాయి. అది లేకపోతే రేపే బ్యాంకుకు వెళ్లండి. దాంతో పాటు మంచంలో ఉన్న వారాలకు కూడా డబ్బిచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ ఒకటి తీసుకోండి. సైకిల్ పోటీలను మినహాయించారేమో షరతుల్లో చూడండి. చీటీ ముగిసేనాటికి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటే, మిగిలింది మీ సరదాకు.

అప్పటికీ పేరు లేని ఫ్రేమే కావాలంటే, ఐఎస్‌ఓ 4210 (సైకిళ్ల భద్రతా ప్రమాణం) పరీక్ష రిపోర్టు అడగండి. దాని మీద మీరు కొనే మోడల్ పేరు, ల్యాబ్ పేరు, తేదీ ఉండాలి. వేరే మోడల్ రిపోర్టు పంపితే బేరం అక్కడితో ఆపేయండి. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగుల భాగం) మరలతో బిగించేది ఎంచుకోండి. సీట్ పోస్ట్ దానికే ప్రత్యేకమైన ఆకారమైతే ఫ్రేమ్‌తో పాటే అదనంగా ఇంకొకటి తెప్పించుకోండి, డిరైలర్ హ్యాంగర్లు (వెనక గేర్ మార్చే భాగం వేలాడే ముక్కలు) కూడా రెండు. డబ్బు క్రెడిట్ కార్డు మీదే కట్టండి, సరుకు రాకపోతే బ్యాంకులో ఫిర్యాదు చేసే దారి ఉంటుంది. నేరుగా ఖాతాకు పంపితే పది శాతం తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. బిగింపు టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పానా) ఉన్న మెకానిక్ చేతిలోనే జరగాలి. భీమవరంలో దొరక్కపోతే విజయవాడ దాకా వెళ్లడం కూడా ఖర్చులో వేసుకోండి.

గిఫ్ట్ సంగతి అడిగారు. బహుమతి పేరుతో కొరియర్లో పన్ను లేకుండా తెప్పించుకునే వెసులుబాటు, రాఖీలకూ ప్రాణం కాపాడే మందులకూ తప్ప, 2019 డిసెంబరులోనే పోయింది. విలువ తక్కువ రాయించడం కూడా వద్దు. పట్టుకుంటే జరిమానా మీకే పడుతుంది. పట్టుకోకపోయినా, దారిలో ఫ్రేమ్ విరిగితే కొరియర్ వాడు లెక్కలోకి తీసుకునేది పెట్టె మీద రాసిన విలువనే.